తార్నాక వైపు థీసిస్ బైండింగ్ షాపు: ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒక్కటి ఎందుకు కోశానో కూడా చెప్తా

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయను. రాస్తానంటే షాపు నడిపే చాచానే వద్దన్నాడు. "పేరు పెట్టకు బేటా, ఉన్నోళ్ల పనే తెమలట్లేదు, ఇంకో వంద మంది వస్తే దుకాణం మూసి ఊరికి పోవాలె" అన్నాడు. అందుకని గుర్తులు మాత్రం చెప్తా, కావలసినవాళ్లు వెతుక్కోండి. తార్నాక నుంచి హబ్సిగూడ వైపు నడుస్తూ సందులోకి తిరిగితే వరసగా మూడు జిరాక్స్ షాపులుంటాయి, వాటి తర్వాత నాలుగోది. బోర్డు మీద సగం అక్షరాలు వెలిసిపోయాయి, లోపలికి అడుగు పెట్టకముందే ఉడికించిన మైదా జిగురు వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే సరైన చోటికే వచ్చినట్టు.

నేను ఈ మధ్యే పీహెచ్‌డీ సబ్మిట్ చేశా. సోషియాలజీ. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల పీఎఫ్ గొడవల మీద పని, మొత్తం 268 పేజీలు, ఆరేళ్లు పట్టింది. ఈ ఆరేళ్లలో నా థీసిస్‌ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్కటీ తిప్పి చూసిన మనిషి చాచా ఒక్కడేనని నాకు గట్టి అనుమానం. (మా గైడ్‌గారు చదివారు, అనకూడదు. కానీ వెనకున్న అనుబంధాలు కూడా తిప్పారా అంటే ప్రమాణం చేసి చెప్పలేను.)

ఈ షాపు గొప్పదనంలో సగం అది ఉన్న చోటుదే. చుట్టుపక్కలే ఉస్మానియా, ఇఫ్లూ యూనివర్సిటీలు, జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థలు. దాంతో పొద్దున ఎలుకల లివర్ ఫొటోలు, మధ్యాహ్నం కాంక్రీట్ దూలాల పగుళ్ల గ్రాఫులు, సాయంత్రం జానపద కథల మీద తెలుగు థీసిస్, అన్నీ ఒకే కౌంటర్ మీదికి వస్తాయి. చాచా చదివింది ఏడో తరగతి, ఉర్దూ మీడియం. కానీ ఏ సబ్జెక్టు థీసిస్ ప్రింటింగ్‌లో ఎక్కడ తన్నుతుందో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు, ఇది పొగడ్త కాదు, క్యూలో మూడు గంటలు నిలబడి చూసినదాన్ని.

నాకు ముందు బయాలజీ అమ్మాయి ఒకామె ఉంది. జీబ్రా చేప పిల్లల మీద పని, కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ బొమ్మలు, నల్లటి చీకట్లో మెరిసిపోయే ఆకుపచ్చ. ల్యాప్‌టాప్‌లో చూస్తే దీపావళిలా ఉంది, ప్రింట్ తీస్తే పాలకూర పప్పులా వచ్చింది. ఆ పిల్ల మొహం చూడలేకపోయాం. కంప్యూటర్ దగ్గర కూర్చునే తమ్ముడు మాత్రం ఇది రోజూ చూసేదే అన్నట్టు నింపాదిగా చెప్పాడు: స్క్రీన్ మీద రంగు వెలుతురుతో పుడుతుంది అక్కా, మన మెషిన్‌లో నాలుగు ఇంకులతో పుడుతుంది, ఆ మెరిసే పచ్చ ఈ నాలుగింట్లో ఎంత కలిపినా రాదు. తర్వాత ఒక్క పేజీనే మూడు సెట్టింగుల్లో తీసి పక్కపక్కన పెట్టి చూపించాడు. చివరికి ఒక్కో రంగుకి విడిగా తీసిన బొమ్మలన్నీ నలుపు తెలుపులోకి మార్చి, ఆ రంగులన్నీ కలిపిన బొమ్మ ఒక్కటే రంగుల్లో ఉంచారు. నలుపు తెలుపులో సన్నటి గీతలు కూడా తేటగా కనిపించాయి, పైగా రంగుల పేజీలు సగానికి తగ్గి ఖర్చూ తగ్గింది. పనిలో పనిగా ఆమె కలిపిన బొమ్మలో ఎరుపు తీసేసి మెజెంటా పెట్టుకుంది, ఎర్ర ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్న ఎగ్జామినర్ తగిలితే ఆ బొమ్మంతా దండగే కదా అని.

ఇంజనీరింగ్ వాళ్ల బాధ వేరే, మడతపెట్టే ఏ3 (మామూలు పేజీకి రెట్టింపు) డ్రాయింగులు. వాటిని మామూలు పేజీల్లా కుట్టేస్తే కటింగ్ మెషిన్ మడతని కోసేస్తుంది, రెండుసార్లు తెరిస్తే చిరుగుతుంది. చాచా మడతని అంచుకి వేలెడు లోపలే ఆపి, కుట్టు దగ్గర సన్నటి కాగితం పట్టీ పెట్టి దాని మీద అతికిస్తాడు. ఆ పట్టీలు లేకపోతే పుస్తకం ముందు వైపు బొజ్జలా ఉబ్బిపోతుందట. అంతే, వాళ్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, వచ్చి అరగంటలో పని చేయించుకుని పోతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. నేను ఈ రివ్యూ రాయడానికి కారణం ఇదే.

ఒక డాక్టర్‌గారు వచ్చారు. ఏ ఆసుపత్రి, ఏ డిపార్ట్‌మెంట్ అన్నది అనవసరం. మెడికల్ థీసిస్‌లలో వెనకాల మాస్టర్ చార్ట్ అని ఒకటి ఉంటుంది, ఎంతమంది పేషెంట్ల మీద స్టడీ చేశారో అంతమంది వివరాలు వరసగా, వయసు, షుగర్, బీపీ, అన్నీ చీమల్లాంటి అక్షరాల్లో అడ్డంగా ప్రింట్ చేసిన పేజీలు. చాచా ఆ పేజీలు వరస సరిచూసుకుంటూ ఆగిపోయాడు. కళ్లజోడు పైకి తోసి, "డాక్టర్ సాబ్, ఇండ్ల పేర్లున్నయ్" అన్నాడు. ఆయన ఫోన్ చూస్తూ "ఆఁ, ఉంటాయి" అన్నాడు. చాచా వెనక్కి తిప్పి సమ్మతి పత్రం పేజీ తీశాడు, అది తెలుగులోనే ఉంది, తెలుగు చదవడం ఆయనకి రాదు గానీ ఆ పేజీ ఎప్పుడూ అక్కడే ఉంటుందని తెలుసు. దాన్ని తమ్ముడి చేత చదివించాడు, "మీ పేరు, వివరాలు గోప్యంగా ఉంచుతాము." తర్వాత మాస్టర్ చార్ట్ తీసి దాని పక్కన పెట్టాడు. ఒక్క మాట అనలేదు. పేర్లు, ఐపీ నంబర్లతో (ఆసుపత్రిలో చేరిన పేషెంట్‌కి ఇచ్చే నంబరు) సహా అలా ఉన్నాయి. ఆ డాక్టర్ మొహం ఎర్రబడి, పక్కన కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ తీసి పేర్ల కాలమ్ తీసేసి సీరియల్ నంబర్లు పెట్టుకున్నాడు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఈ గోప్యత గురించి స్పష్టంగానే చెప్తాయి, ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే పని మొదలుపెట్టనివ్వరు కూడా. ఇన్ని ఉన్నా ఆ కాలమ్ బైండింగ్ బల్ల దాకా వచ్చింది.

నేను క్యూలో నిలబడి మనసులో ఆ డాక్టర్‌ని తిట్టుకున్నా. తిట్టుకుంటూనే ఎందుకో నా అనుబంధం నాలుగు తీసి చూశా. ఒక బీడీ కార్మికురాలి పీఎఫ్ కాగితం ఫొటో. పేరు మీద నేనే నల్ల పట్టీ వేశా, శ్రద్ధగా వేశా. కింద పీఎఫ్ ఖాతాదారుని గుర్తుపట్టే యూఏఎన్ నంబరు, పన్నెండు అంకెలూ, దర్జాగా కనిపిస్తున్నాయి. ఆమె నన్ను కూర్చోబెట్టి, చాట పక్కకి జరిపి, మంచినీళ్లిచ్చి, పెట్టెలోంచి ఆ కాగితం తీసి ఇచ్చింది. "ఎవరికీ చూపెట్టవు గద బిడ్డా" అని అడిగింది కూడా. ఆరేళ్లలో ఆ పేజీని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, సెమినార్‌లో తెర మీద కూడా వేశా. ఆ పూట ఆ పేజీ మార్చాను, ఇంకో రెండు చోట్ల ఊరి పేరుతో పాటు ఇంటి వివరం ఉంటే అదీ తీసేశాను. చాచాకి చెప్తే "అందరిదీ ఇట్లనే ఉంటది" అని జిగురు కలుపుకోవడానికి పోయాడు.

సరే, తెలుగు వాళ్ల సంగతి. తెలుగు డిపార్ట్‌మెంట్ స్కాలర్లు ఈ షాపుకి వచ్చేముందు ఒకటి తెలుసుకోవాలి. డీటీపీ చేసే పాతవాళ్లలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కొడతారు. కాగితం మీద అందంగా ఉంటుంది, ఆ వత్తులు కూర్చున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ కీల సంకేతాలకి తెలుగు ముసుగు. ఆ పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే చెత్త చెత్త గుర్తులు వస్తాయి. సాఫ్ట్‌వేర్‌కి కూడా అదే కనిపిస్తుంది కాబట్టి ప్లేజియరిజం చెకింగ్ (ఎక్కడి నుంచైనా కాపీ కొట్టారా అని చూసేది) ఉత్తిదే, రేపు ఎవరైనా మీ థీసిస్‌లో ఒక మాట వెతికినా దొరకదు. ఆఖర్లో యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్ అయినా తెలుగుగానే గుర్తుపట్టే సంకేతాలు) మారుద్దాం అనుకుంటే కన్వర్టర్ మార్చేస్తుంది, మార్చాక ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది, ఎక్కడో ఒక దీర్ఘం రెండవుతుంది, మొత్తం మళ్లీ ప్రూఫ్ చూసుకోవాలి. మా హాస్టల్ అక్క ఒకామె నాలుగు వందల పేజీలు ఇలాగే పదహారు రోజులు చూసుకుంది. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో కొట్టుకోండి. ఈ షాపులో తమ్ముడు రెండూ చేస్తాడు గానీ టైపింగ్ పని మాత్రం వీళ్లకి ఇవ్వొద్దు, స్పీడు ఉంది, తప్పులూ అంతే స్పీడుగా ఉన్నాయి. నా కృతజ్ఞతల పేజీ కొట్టమని ఇస్తే "మా అమ్మకు" అన్నది "మా అమ్మకం" అయింది.

ఇంకో విషయంలో మాత్రం చాచాకి దండం. ప్లేజియరిజం రిపోర్ట్ తీసివ్వమని అడిగితే తియ్యడు, లైబ్రరీకి పొమ్మంటాడు. వేరే చోట (ఈ షాపు కాదు) నా ఫ్రెండ్ ఒకడు మూడు వందలిచ్చి ముందే చెక్ చేయించుకున్నాడు. వాళ్లు ఏ అకౌంట్‌లో వేశారో, ఆ సాఫ్ట్‌వేర్ వాడి థీసిస్ మొత్తం తన డేటాబేస్‌లో దాచుకుంది. తర్వాత అసలు లైబ్రరీలో చెక్ చేస్తే తొంభై పైన కాపీ అని వచ్చింది, అంతా వాడి థీసిస్‌లోంచే. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో కాపీ పది శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు, పది నుంచి నలభై అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు సబ్మిట్ చేయనివ్వరు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వాడు నెల రోజులు కాగితాలు పట్టుకుని తిరిగి, అది నేనే, నా నుంచి నేనే కాపీ కొట్టానని నిరూపించుకున్నాడు.

బైండింగ్ పని గురించి. కుట్టి అతికిస్తారు, ఊరికే జిగురు పూసి వదిలెయ్యరు. మైదాలో కొంచెం మైలుతుత్తం కలుపుతారు, లేకపోతే పురుగులు జిగురు తినడానికి వచ్చి కాగితం కూడా తినేస్తాయి. రెక్సిన్ నలుపా, మెరూనా, ముదురు నీలమా అన్నది మీ యూనివర్సిటీ రూల్ చూసుకుని చెప్పాలి, ఆయనకి గుర్తే ఉంటుంది గానీ మీరు కూడా చూసుకోండి. అట్ట మీద అక్షరాలు మెషిన్‌లో కాదు, చేత్తో. ఇత్తడి అక్షరాల పెట్టె ఒకటుంది, దాంట్లోంచి ఒక్కొక్కటీ ఏరి తిరగేసి పేర్చి, బిగించి, చిన్న హీటర్ మీద కాచి, బంగారు రేకు పరిచి ఒత్తుతాడు. ఎక్కువ కాలితే రెక్సిన్ ముడుచుకుంటుంది, తక్కువైతే బంగారం అంటదు. వేడి సరిపోయిందా లేదా అన్నది తడి వేలు తగిలించి ఆ చప్పుడు బట్టి చెప్తాడు. నా టైటిల్ చూసి మాత్రం తల పట్టుకున్నాడు. పదిహేడు పదాలు. పైగా ఆ సైజులో ఎస్‌లు సరిపోలేదు. "మీ సోషల్ సైన్స్ వాళ్లు ఎస్‌లు మస్తు వాడతరు బేటా, సోషియో, స్టేటస్, స్టడీ, అన్నీ ఎస్‌లే" అని రెండు విడతలుగా ఒత్తాడు. దగ్గరగా చూస్తే రెండో వరసలో ఒక ఎస్ వెంట్రుకవాసి కిందికి ఉంటుంది. నాకు నచ్చింది.

రేట్లు: నా దగ్గర తీసుకున్నది నలుపు తెలుపు పేజీ రూపాయిన్నర, కలర్ పేజీ పది, హార్డ్ బైండింగ్ కాపీకి 350. నావి 22 కలర్ పేజీలు, ఆరు కాపీలు, లెక్క వేస్తే 5,634 అయింది, పైన చిల్లర వదిలేసి 5,500 తీసుకున్నాడు. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) వచ్చేవాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు, 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000 ఇస్తున్నారు (చేతికి ఎప్పుడొస్తాయన్నది వేరే కథ). ఏ ఫెలోషిప్పూ లేకుండా కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ లాగించినవాళ్లు కూడా ఇదే క్యూలో ఉంటారు. వాళ్ల దగ్గర సగం తీసుకుని మిగతాది వైవా (థీసిస్ మీద చివర్లో జరిగే మౌఖిక పరీక్ష) అయ్యాక ఇమ్మంటాడు. నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, ఆ నోట్‌బుక్ బైండింగ్ ఊడిపోయి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంది.

ఇక తిట్లు.

శుక్రవారం సాయంత్రానికి ఇస్తానన్నది సోమవారం మధ్యాహ్నానికి ఇచ్చాడు. మధ్యలో శని, ఆదివారాలు నేను తిండి సరిగా తినలేదు, నిద్రా పోలేదు. ఫోన్ చేస్తే "అయిపోయింది, ఎండుతోంది" అంటాడు. ఆదివారం వెళ్లి చూస్తే ఎండడం కాదు, ఇంకా కుట్టనేలేదు. ఒక కాపీలో 128 తర్వాత 131 వచ్చింది. అది నేను ఇంటికి తీసుకెళ్లాక చూశా, అప్పటికప్పుడు ఆటోలో తిరిగొస్తే గొడవ పడకుండా మొత్తం ఊడదీసి మళ్లీ కుట్టి రాత్రి పదింటికి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు, పైగా చాయ్ తెప్పించాడు. ఇంకో కాపీలో కటింగ్ కొంచెం ఎక్కువై కొన్ని పేజీల నంబర్లు సగం తెగాయి. దాన్ని నేను ఉంచేసుకున్నా. దీనికంతటికీ నేను మార్కులు కొయ్యట్లేదు, మీరు ఆఖరి తేదీకి వారం ముందు వెళ్తే ఇవేవీ మీకు టెన్షన్లు కావు.

కోసిన ఒక్క స్టార్ గోడ మీద కాగితాలకి. కౌంటర్ వెనకాల గోడ నిండా పాంప్లెట్లు, పీహెచ్‌డీ సహాయం, డేటా అనాలిసిస్, సినాప్సిస్ నుంచి థీసిస్ దాకా అన్నీ మేమే, పదిహేను రోజుల్లో పేపర్ పబ్లికేషన్ గ్యారంటీ. థీసిస్ ఇచ్చే ముందు పేపర్లు వేసి తీరాలన్న షరతు యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది, నమ్మదగ్గ జర్నళ్లంటూ తనే పెట్టిన కేర్ లిస్టు కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేసింది, అయినా సొంత రూల్ పెట్టుకున్న యూనివర్సిటీలు ఉన్నాయి, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో లెక్క అడుగుతూనే ఉన్నారు, కాబట్టి ఈ బేరం ఆగదు. చాచాని నిలదీశా. "నేను రాయిస్తలేను కదా, గోడకు కిరాయి ఇస్తరు" అన్నాడు. పేషెంట్ పేరు కనిపిస్తే ఆగిపోయే మనిషి ఆ గోడ ముందే రోజంతా కూర్చుంటాడు. నాకు మింగుడుపడలేదు. ఆయనతో అదే అన్నాను. నవ్వాడు, కాగితాలు మాత్రం తీయలేదు.

శోధ్‌గంగ (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) కోసం సాఫ్ట్ కాపీ సంగతి కూడా చెప్పి ఆపేస్తా. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రం నడిపే ఆ భాండాగారంలో దేశంలో ఏ సబ్జెక్టు థీసిస్ అయినా పెడతారు, కానీ ఒకే ముద్దగా కాదు, టైటిల్ ఒకటి, సర్టిఫికెట్ ఒకటి, ఒక్కో చాప్టర్ ఒక్కో పీడీఎఫ్. 80 నంబరుతో రికమెండేషన్ అనే ఫైల్ ఒకటి ఉంటుంది, దాంట్లో టైటిల్ పేజీ, ముగింపు చాప్టర్ కలిపి పెట్టాలి. నాకు ఆ 80 ఏంటో అర్థం కాక రెండు రోజులు గింజుకున్నా, తమ్ముడు పది నిమిషాల్లో అన్నీ విడగొట్టి పేర్లు పెట్టి ఇచ్చాడు, యాభై రూపాయలు. సీడీ అడిగే యూనివర్సిటీ సెక్షన్లు ఇంకా ఉన్నాయి కాబట్టి సీడీ కూడా రాసిస్తాడు, మీ ల్యాప్‌టాప్‌కి దాన్ని పెట్టుకునే చోటే ఉండదు గానీ. ఒక్కటే జాగ్రత్త, మీరు ప్రింట్ పేజీలో ఏదైనా మార్చి ఉంటే పీడీఎఫ్‌లో కూడా మార్చారో లేదో చూసుకోండి. ఆ పీఎఫ్ కాగితం ఫొటో నేను ప్రింట్‌లో మార్చి, పీడీఎఫ్‌లో పాతదే ఉంచేశా. తమ్ముడు ఫైళ్లు విడగొడుతూ "అక్కా, ఇందులో నంబర్ కనిపిస్తోంది" అన్నాడు.

శుక్రవారం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మూసి ఉంటుంది. ఆదివారం తెరిచే ఉంటారు. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి, ఫైల్ పీడీఎఫ్‌గా చేసి పట్టుకెళ్లండి, వర్డ్ ఫైల్ ఇస్తే వాళ్ల కంప్యూటర్‌లో టేబుళ్లు జరిగిపోతాయి. ఎడమ వైపు మార్జిన్ ఒకటిన్నర అంగుళం కంటే తక్కువ పెట్టకండి, కుట్టులోకి వెళ్లిపోతుంది. నా ఏడో కాపీ ఇంకా అక్కడే ఉంది, అమ్మ కోసం చేయించినది, నిన్నటికే ఇస్తానన్నాడు. ఎండుతోందట.